ఆర్కిటిక్ ప్రజల సినిమాలు తరగతి గదిలో: తరచుగా అడిగే ప్రశ్నలు

ధ్రువ ప్రాంతాల పాఠం చెప్పేటప్పుడు ఒక సినిమా చూపిద్దామనుకునే ఉపాధ్యాయులకు, సెలవుల్లో పిల్లలతో కూర్చుని చూద్దామనుకునే తల్లిదండ్రులకు తరచూ వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఈ అంశం మీద సినిమాలు చాలానే దొరుకుతాయి. వాటిలో ఏది నమ్మదగినది, ఏది ఏ వయసువారికి తగినది, చూపించిన తరవాత ఏం మాట్లాడాలి అన్న దగ్గరే చిక్కు వస్తుంది. అందుకే సమాధానాలన్నింటిలోనూ కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఏది చూపించాలో ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది.

ఏ సినిమాను ఆర్కిటిక్ సినిమా అనాలి?

భూగోళ పాఠం ప్రకారం 66.5 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ఉన్నదంతా ఆర్కిటిక్. ఆ గీతనే పట్టుకుంటే మాత్రం ఈ విషయంలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన సినిమాయే జాబితా నుంచి జారిపోతుంది, ఎందుకంటే 'నానూక్ ఆఫ్ ద నార్త్' తీసిన, కెనడాలోని ఇనుక్జువాక్ గ్రామం దాదాపు 58వ అక్షాంశం దగ్గరే ఉంది. చెట్లు ఎదగని నేల, ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టి ఉండే సముద్రం, అక్కడే తరతరాలుగా బతుకుతున్న ప్రజలు అన్న కొలతను పెట్టుకోవడం మేలు. కెనడా, అలాస్కా, గ్రీన్లాండ్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా ఉత్తర భాగాలు దీని కిందికి వస్తాయి. ఆర్కిటిక్‌లో దాదాపు 40 లక్షల మంది నివసిస్తున్నారని, వారిలో సుమారు పదో వంతు ఆదివాసీ ప్రజలని సాధారణంగా లెక్క చెబుతారు. ఇనుయిట్, యుపిక్, సామి, నెనెట్స్, చుక్చీ మొదలైనవారు ఆ ఆదివాసీలలో ఉన్నారు.

జపాన్ దర్శకుడు కురసావా తీసిన 'దెర్సు ఉజాలా' (1975)ను చాలామంది ఈ జాబితాలో కలిపేస్తారు. అది గొప్ప సినిమాయే కానీ, కథ జరిగేది రష్యా తూర్పు కొసన ఉన్న ఉసూరి అడవుల్లో; దెర్సు నానాయ్ తెగకు చెందిన వేటగాడు. మరొక సందర్భానికి దాచుకోవడం మంచిది. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు ఆర్కిటిక్‌లోనే ఉన్నా, అక్కడ ఆదివాసీ జనాభా అంటూ లేదు కాబట్టి, అక్కడి సినిమాలు మంచు గురించి చెప్పగలవే తప్ప ఈ పేజీ ఉద్దేశించిన విషయం చెప్పలేవు. ఇక ధ్రువపు ఎలుగుబంటి పక్కన పెంగ్విన్ కనిపించే బొమ్మల సినిమా ఏదైనా సరే, పాఠానికి పనికిరాదు.

పాఠ్యపుస్తకంలో ఎస్కిమోలు అని ఉంటుంది. తరగతిలో ఏమనాలి?

ఎవరి సంగతి చెబుతున్నామో వారి పేరే అనాలి: కెనడా, గ్రీన్లాండ్ వారైతే ఇనుయిట్, నైరుతి అలాస్కా వారైతే యుపిక్. పాత సినిమాల పేర్లలో ఎస్కిమో అన్న మాట ఉంటుంది. దాన్ని దాచనక్కరలేదు, బయటివారు పెట్టిన పేరని, కెనడాలో దాన్ని ఇప్పుడు కించపరిచే మాటగా భావిస్తారని ఒక్కసారి చెబితే సరిపోతుంది.

'నానూక్ ఆఫ్ ద నార్త్' చూపించవచ్చా? అందులోవన్నీ నటించి తీసిన దృశ్యాలని విన్నాం.

చూపించవచ్చు, చూపించాలి కూడా. అయితే దాన్ని ఇనుయిట్ జీవితానికి అద్దంగా చూపించకూడదు. సినిమా నిజాన్ని ఎలా తయారుచేస్తుందో చెప్పే పాఠంగా చూపించాలి.

రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో విడుదల చేసిన ఈ మూకీ చిత్రం ఒక బొచ్చు తోళ్ల వ్యాపార సంస్థ, రెవియాన్ ఫ్రేర్, ఇచ్చిన డబ్బుతో తయారైంది. కథానాయకుడి అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. ఆ కాలానికే అక్కడివారు తుపాకులు వాడుతున్నారు. అయినా తాతల నాటి పద్ధతే తెరమీద కనిపించాలని వాల్రస్ (పెద్ద దంతాలున్న సముద్ర జంతువు) వేటను ఈటెలతోనే చేయించారు. వర్తకుడి దుకాణంలో గ్రామఫోను రికార్డును నానూక్ పళ్లతో కొరికి చూసే దృశ్యం కూడా ఏర్పాటు చేసినదే. ఆ దృశ్యం దగ్గర పిల్లలు తప్పకుండా నవ్వుతారు. మనల్ని నవ్వించాలని ఎవరు అనుకున్నారు, ఆ నవ్వు ఎవరి మీద అని అడగడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

ఇగ్లూ కట్టే దృశ్యాన్ని ప్రత్యేకంగా చూడాలి. వాల్రస్ దంతంతో చేసిన కత్తిని నానూక్ నాలుకతో తడుపుతాడు. ఆ తడి వెంటనే గడ్డకట్టి కత్తికి నున్నని అంచు ఏర్పడుతుంది. దానితో మంచు దిమ్మెలు కోసి, లోపలికి వాలేలా వరుసలు పేర్చి, చివరికి పైకప్పు మూసేస్తాడు. ఆ తరవాత గడ్డకట్టిన నీటి నుంచి పారదర్శకంగా ఉన్న ఒక పలకను కోసి తెచ్చి గోడలో కిటికీగా అమర్చి, వెలుతురు లోపలికి మళ్లేలా దాని పక్కన ఒక మంచు దిమ్మెను నిలబెడతాడు. ఆ నైపుణ్యం నటన కాదు. వెంటనే వచ్చే దృశ్యంలో కుటుంబం ఇగ్లూ లోపల పడుకుని లేస్తుంది. అది మాత్రం సగానికి కోసిన ఇగ్లూలో తీసినది. అప్పటి కెమెరాకు లోపలి వెలుతురు చాలలేదు కాబట్టి, ఒక పక్క గోడ లేకుండా, బయటి చలిలోనే వాళ్లు బట్టలు విప్పి పడుకున్నట్టు నటించవలసి వచ్చింది. ఈ రెండు దృశ్యాలను వెంటవెంటనే చూపించి, మొదటిదానిలో ఏది నిజం, రెండోదానిలో ఏది నిజం అని అడిగితే, డాక్యుమెంటరీ మీద ఒక పీరియడ్ ఉపన్యాసం ఇచ్చిన ఫలితం పదిహేను నిమిషాల్లో దక్కుతుంది.

నానూక్ తరవాత ఆకలితో చనిపోయాడని ఫ్లాహర్టీ రాసుకున్నాడు. అతను ఇంటి దగ్గరే జబ్బుతో, బహుశా క్షయతో, పోయాడన్నదే ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు చెప్పే మాట. ఆకలి చావు కథే ఎక్కువ ప్రచారమైంది. ప్రకృతితో పోరాడి ఓడిన వీరుడిగా చూపడం సులభం కదా.

దీని పక్కన ఏ సినిమా చూపిస్తే బాగుంటుంది?

మార్కీజ్ లెపాజ్ తీసిన 'మార్తా ఆఫ్ ద నార్త్' (2009). 1953లోనూ 1955లోనూ కెనడా ప్రభుత్వం ఇనుక్జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను సుమారు రెండు వేల కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న రెజల్యూట్, గ్రీస్ ఫియర్డ్ ప్రాంతాలకు తరలించింది. వేట బాగా దొరుకుతుందన్నారు, ఇష్టం లేకపోతే తిరిగి రావచ్చన్నారు. అక్కడ నెలల తరబడి చీకటి, తెలియని వేట, ఇళ్లు లేని ఒడ్డు ఎదురయ్యాయి. తిరిగి తీసుకువస్తామన్న మాట నిలబడలేదు. 2010లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. అలా తరలించినవారిలో ఫ్లాహర్టీకి ఇనుయిట్ స్త్రీ ద్వారా పుట్టిన కొడుకు కుటుంబం కూడా ఉంది. సినిమాలో మాట్లాడే మార్తా ఫ్లాహర్టీ మనుమరాలు. తాత ఏ ఊరివారిని లోకానికి నవ్వుతూ చూపించాడో, ఆ ఊరికే తరవాత జరిగింది మనుమరాలు చెబుతుంది. తొమ్మిదో తరగతి, ఆపై పిల్లలకు ఇంతకన్నా బలమైన జంట నాకు తెలియదు.

వ్యాఖ్యానం వినిపించకుండా, జీవన విధానాన్ని మాత్రమే చూపించే సినిమాలు ఉన్నాయా?

ఉన్నాయి. బడి పిల్లల కోసమే తీసినవి కూడా. 1963 నుంచి 1965 వరకు మానవ శాస్త్రవేత్త ఆసెన్ బలిక్చి కెనడాలోని పెల్లీ బే, అంటే నేటి కుగారుక్ దగ్గర, నెట్సిలిక్ ఇనుయిట్ కుటుంబాలతో ఒక చిత్ర శ్రేణి తీశారు. అప్పటికి వాళ్ల దగ్గర తుపాకులున్నాయి, మిషనరీలు వచ్చి చాలాకాలమైంది. అయినా 1919 ప్రాంతపు జీవితాన్ని పెద్దల జ్ఞాపకం ఆధారంగా మళ్లీ కట్టి చూపించారు. వ్యాఖ్యాత గొంతు ఎక్కడా వినిపించదు. గాలి, నీళ్లు, కుక్కలు, మనుషుల మాటలు మాత్రమే ఉంటాయి. తెలుగు మాధ్యమం పిల్లలకు ఇదొక గొప్ప సౌకర్యం, ఎందుకంటే ఇంగ్లీషు వచ్చినవాడికీ రానివాడికీ సినిమా ఒకే రీతిగా అందుతుంది.

రాతి అడ్డుకట్ట దగ్గర చేపలు పట్టే భాగంతో మొదలుపెట్టండి. నదికి అడ్డంగా మగవాళ్లు రాళ్లు పేర్చి గోడ కడతారు. ఎదురీదుతూ వచ్చే చార్ చేపలు అందులో చిక్కుకుంటాయి. గడ్డకట్టే చలి నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, మూడు కొమ్మల ఈటెలతో పొడిచి, పెద్ద ఎముక సూదితో తాడుకు గుచ్చుకుంటూ పోతారు. ఒక్కో పని పూర్తయ్యేదాకా కెమెరా కదలదు. రెండు నిమిషాల వీడియోలకు అలవాటుపడిన పిల్లలు మొదట విసుక్కుంటారు. కాసేపు ఓపిక పడితే, నీళ్లలోని ఆ మనిషికి ఎంత చలిగా ఉందో వాళ్లే మాట్లాడుకోవడం మొదలుపెడతారు.

ఈ సినిమాల చరిత్ర కూడా చెప్పదగినదే. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ ఆలోచనలతో తయారైన 'మనిషి: ఒక అధ్యయనం' అనే పాఠ్య ప్రణాళికలో పదేళ్ల పిల్లలకు ఇవి చూపించారు. జంతువులను చంపే దృశ్యాలు, వృద్ధుల గురించి, శిశువుల గురించి ఉన్న కథలు పిల్లల మనసు చెడగొడతాయని కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. 1975లో ఆ గొడవ అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. ఆ తరవాత కార్యక్రమానికి ప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. బడిలో ఏ సినిమా చూపించాలన్నది ఎక్కడైనా తేలిక వ్యవహారం కాదు.

ఇనుయిట్‌లు స్వయంగా తీసిన సినిమాల్లో ఏది మొదట చూపించాలి?

అందరూ చెప్పే పేరు 'అటనార్జువాట్: ద ఫాస్ట్ రన్నర్' (2001). ఇగ్లూలిక్ గ్రామానికి చెందిన జకరియాస్ కునుక్ దర్శకుడు. కథ రాసింది పాల్ అపాక్ అంగిలిర్క్. రచన, దర్శకత్వం, నటన అన్నీ ఇనుయిట్‌ల ఇనుక్టిటుట్ భాషలో జరిగిన తొలి పూర్తి నిడివి కథా చిత్రం ఇది. కాన్ చలన చిత్రోత్సవంలో ఉత్తమ తొలి చిత్రానికిచ్చే కెమెరా దోర్ బహుమతి పొందింది. పెద్దల నోట తరతరాలుగా వచ్చిన కథను ఎందరో వృద్ధుల దగ్గర రాబట్టి, పోల్చుకుని సినిమా కథగా అల్లారు. అయినా దీన్ని బడిలో పూర్తిగా చూపించమని చెప్పను. మూడు గంటలకు కాస్త తక్కువ నిడివి. హత్య, అత్యాచారం, నగ్నత్వం ఉన్నాయి. డిగ్రీ విద్యార్థులకు సరే. పదో తరగతి లోపువారికి చివర పేర్లు పడేటప్పుడు వచ్చే దృశ్యాలు చాలు: చిత్ర బృందం ఆధునిక దుస్తుల్లో, కెమెరాను స్లెడ్జి బండి మీద పెట్టి తోస్తూ కనిపిస్తుంది. ఇదంతా మేమే తీశాం అని వాళ్లే చెప్పుకున్నట్టు ఉంటుంది. నానూక్ చూసిన పిల్లలకు ఆ తేడా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

బడికి నేను ఎంచుకునేది అదే దర్శకుడి 'వన్ డే ఇన్ ద లైఫ్ ఆఫ్ నోవా పియుగట్టుక్' (2019). కాలం 1961, స్థలం బాఫిన్ దీవి ఉత్తర భాగంలోని కపుయివిక్. వేటకు బయలుదేరిన నోవా దగ్గరికి ఒక ప్రభుత్వ ప్రతినిధి వస్తాడు. ఊళ్లో ఇల్లు ఇస్తాం, పిల్లలకు బడి ఉంటుంది, డబ్బు ఇస్తాం, ఇక్కడి నుంచి వచ్చేయండి అంటాడు. మంచు మీద కూర్చుని, టీ తాగుతూ, మధ్యలో దుబాసీతో, సినిమాలో ఎక్కువ భాగం ఈ సంభాషణే నడుస్తుంది. దుబాసీ కొన్ని మాటలు మెత్తబరుస్తాడు, కొన్ని వదిలేస్తాడు, కొన్ని అతనికే సరిగా అర్థం కావు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుతుంటారు, ఒకరి మాట ఇంకొకరికి చేరదు. అధికారి, గిరిజనుడు, మధ్యలో అనువాదకుడు ఉండే ఇలాంటి సంభాషణ మన పాడేరులోనో ఉట్నూరులోనో కూడా ఊహించుకోవచ్చని పిల్లలకు చెప్పనక్కరలేదు, వాళ్లే అంటారు. హింస లేదు. నిడివి దాదాపు రెండు గంటలు కాబట్టి, దుబాసీ సంభాషణ మొదలైన దగ్గర నుంచి నలభై నిమిషాలు చూపిస్తే సరిపోతుంది.

ఆర్కిటిక్ అంటే ఇనుయిట్‌లేనా? సామి ప్రజల గురించి ఏం చూపించాలి?

ఉత్తర నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలోని కోలా ద్వీపకల్పం సామి ప్రజల నేల. వారిలో రెయిన్‌డీర్‌లను మేపేవారున్నారు, చేపల వేట మీద బతికేవారున్నారు, పట్టణాల్లో ఉద్యోగాలు చేసేవారూ ఉన్నారు. నీల్స్ గాఉప్ తీసిన 'పాత్‌ఫైండర్' (1987) ఉత్తర సామి భాషలో తొలి కథా చిత్రం, ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల తుది జాబితా దాకా వెళ్లింది. దోపిడీ మూకకు దారి చూపమని బలవంతం చేస్తే, తన వాళ్లను కాపాడుకోవడానికి ఒక కుర్రాడు ఏం చేశాడన్న పాత కథ అది. కొంత హింస ఉన్నా ఎనిమిదో తరగతి నుంచి పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

అమాండా కెర్నెల్ తీసిన 'సామి బ్లడ్' (2016) దీనికి పూర్తిగా భిన్నం. 1930ల స్వీడన్‌లో సామి పిల్లలకు వేరే వసతి బడులు ఉండేవి. అక్కడ సొంత భాష మాట్లాడితే దండన. జాతి శాస్త్రం పేరుతో వచ్చినవారు ఆ బడి ఆడపిల్లల తలలు కొలిచి, బట్టలు విప్పించి ఫొటోలు తీసే దృశ్యం సినిమాకు ఆయువుపట్టు. ఉప్సాలాలో స్వీడన్ ప్రభుత్వ జాతి జీవశాస్త్ర సంస్థ నిజంగానే 1922లో మొదలైంది. ఆ దృశ్యం కల్పన అనుకోకుండా ఈ విషయం ముందే చెప్పాలి. ఆ దృశ్యం వల్లనే దీన్ని ఇంటర్మీడియట్ స్థాయికి ఉంచాలని నా అభిప్రాయం. మొదట మీరు ఒంటరిగా చూసి, తరగతిలోని ఆడపిల్లలకు ముందుగా చెప్పి, ఇష్టం లేనివారు బయట కూర్చునే వీలు కల్పించాలి. ఆ అవమానం తరవాత కథానాయిక తన జాతిని, చివరికి చెల్లెలిని కూడా వదిలించుకుని వెళ్లిపోతుంది. సినిమా ఆమెను సమర్థించదు, తప్పు పట్టదు. పెద్ద పిల్లలకు ఆ సందిగ్ధమే అసలైన పాఠం.

పిల్లలు 'ఫ్రోజెన్ 2' చూశామంటారు. దాన్ని పాఠంలో వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. ఎల్సా పాత్రకు నిత్యా మీనన్ గొంతుతో వచ్చిన తెలుగు అనువాదం చూసిన పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు, కాబట్టి వాళ్లకు తెలిసినదాని నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ సినిమాలోని నార్థుల్డ్రా ప్రజలు కల్పితం. వారి దుస్తులు, రెయిన్‌డీర్‌లు, పాటల తీరు సామి సంస్కృతి నుంచి వచ్చాయి. మొదటి 'ఫ్రోజెన్' (2013) ప్రారంభ గీతం సామి సంగీతకారుడు ఫ్రోడె ఫ్యెల్‌హైమ్ కూర్చినదే అయినా, సామి సంస్కృతిని అడగకుండా వాడుకున్నారని అప్పట్లో విమర్శలు వచ్చాయి. రెండో భాగానికి ముందు డిస్నీ సంస్థ సామి పార్లమెంటులతోనూ, సామి మండలితోనూ రాతపూర్వక ఒప్పందం చేసుకుని, సామి నిపుణుల సలహాలు తీసుకుని, సినిమాను ఉత్తర సామి భాషలోకి అనువదించింది. ఒక సంస్కృతిని కథలో వాడుకోవాలంటే ఎవరిని అడగాలి అన్న చర్చకు ఆరో తరగతి పిల్లలు కూడా ఉత్సాహంగా దిగుతారు.

జంతువుల సినిమాలు చూపిస్తే సరిపోదా? అవి సురక్షితం కదా?

సురక్షితమనుకోవడం పొరపాటు. డిస్నీ వారి 'వైట్ వైల్డర్‌నెస్' (1958)లో లెమ్మింగ్ అనే చిట్టెలుకల్లాంటి జంతువులు గుంపుగా కొండ మీది నుంచి సముద్రంలోకి దూకి చచ్చిపోయినట్టు చూపించారు. ఆ సినిమాకు ఆస్కార్ కూడా వచ్చింది. 1982లో కెనడా టెలివిజన్ బయటపెట్టిన వివరం ఏమిటంటే, ఆ దృశ్యం సముద్రమే లేని ఆల్బర్టాలో తీసినది, లెమ్మింగ్‌లను వేరే చోటు నుంచి కొని తెచ్చి నదిలోకి తోసేశారు. సామూహికంగా ఆత్మహత్య చేసుకునే జంతువులన్న ఆ అబద్ధం ఇప్పటికీ సామెతలా చెలామణీ అవుతోంది. 2011లో బీబీసీ 'ఫ్రోజెన్ ప్లానెట్'లో ధ్రువపు ఎలుగుబంటి పిల్లలు పుట్టే దృశ్యం ఒక యూరప్ జంతు ప్రదర్శనశాలలో తీసినదని తెలిసినప్పుడు దుమారం రేగింది. గుహలోకి కెమెరా తీసుకువెళ్తే తల్లీ పిల్లలకు ప్రమాదమే కాబట్టి ఆ నిర్ణయం అర్థం చేసుకోదగినదే. తెర మీద ఆ మాట చెప్పకపోవడమే గొడవకు కారణం.

జంతువులూ మనిషీ ఒకే చిత్రంలో కావాలంటే 'హాల్‌ఔట్' (2022) చూపించండి. నిడివి 25 నిమిషాలే. సైబీరియా తీరాన ఒక చెక్క గుడిసెలో ఒంటరిగా ఉన్న శాస్త్రవేత్త ఎదురుచూస్తుంటాడు. ఎందుకో మనకు చాలాసేపు చెప్పరు. ఒక ఉదయం తలుపు తెరిస్తే గుమ్మం దాకా వాల్రస్‌లే, వేలకు వేలు. సముద్రపు మంచు కరిగిపోవడంతో ఆగి సేదతీరే చోటు లేక ఒడ్డుకు చేరి, ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోతుంటాయి. మాటలు బహు తక్కువ. దర్శకులు ఎవ్‌గేనియా అర్బుగాయెవా, మాక్సిం అర్బుగాయెవ్ ఆర్కిటిక్ తీరంలోనే పుట్టిన అక్కాతమ్ముళ్లు. 2023 ఆస్కార్‌లలో లఘు డాక్యుమెంటరీ విభాగంలో ఇది పోటీపడి ఓడింది మన తమిళనాడు ఏనుగుల చిత్రం 'ద ఎలిఫెంట్ విస్పరర్స్' చేతిలోనే. 'నాటు నాటు'కు బహుమతి వచ్చింది కూడా అదే రాత్రి. ఈ ముక్క చెబితే వెనక బెంచీలో ఉన్నవాడు కూడా తలెత్తుతాడు.

వేట, రక్తం, పచ్చి మాంసం చూసి పిల్లలు భయపడితే, అసహ్యించుకుంటే?

ముందే చెప్పి చూపించడం ఒక్కటే మార్గం. కట్టెలు లేవు, పంటలు లేవు, వండుకోవడానికి ఉన్నది సీల్ అనే సముద్ర జంతువు కొవ్వుతో వెలిగే రాతి దీపం. పచ్చిగా తినే మాంసంలో, తిమింగలం చర్మంలో సి విటమిన్ దక్కుతుంది. కూరగాయలు లేని చోట స్కర్వీ (సి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) రాకుండా కాపాడింది అదే. ఈ కారణాలు ముందు తెలిస్తే, ఛీ అనబోయిన పిల్లవాడు ఆగి చూస్తాడు. శాకాహార కుటుంబాల పిల్లలకు చూడకుండా ఉండే అవకాశం ఇవ్వాలి, కానీ వాళ్లు చూడనందువల్ల వేటాడేవారు క్రూరులన్న అభిప్రాయం మిగిలిపోకుండా చూసుకోవాలి.

పై తరగతులవారికి అలేథియా అర్నకుక్-బారిల్ తీసిన 'యాంగ్రీ ఇనుక్' (2016) అవసరం. 2009లో యూరోపియన్ యూనియన్ సీల్ ఉత్పత్తుల వ్యాపారాన్ని నిషేధించినప్పుడు ఇనుయిట్‌లకు మినహాయింపు ఇచ్చింది. కానీ మొత్తం మార్కెట్టే కూలిపోయాక మినహాయింపు ఎవరికి ఉపయోగం? తెల్లని బొచ్చు సీల్ పిల్లల ఫొటోలతో ప్రచారం నడుస్తూనే వచ్చింది, కెనడాలో ఆ పిల్లల వాణిజ్య వేట 1987లోనే ఆగిపోయినా. సీల్ తోలు దుస్తులు వేసుకుని ఇనుయిట్‌లు తమ సెల్ఫీలు పెట్టి ఆ ప్రచారానికి ఎలా జవాబిచ్చారో సినిమాలో ఉంది. జంతు ప్రేమ ఒక పక్క, ఒక జాతి బతుకుతెరువు ఇంకో పక్క ఉన్న ఈ వాదంలో దర్శకురాలు ఏ పక్షమో దాచుకోదు. చర్చా పోటీకి ఇంతకన్నా మంచి విషయం దొరకదు.

చిన్న తరగతులవారికి?

కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు కోసం కో హూడెమన్ సీల్ తోలు బొమ్మలతో తీసిన 'ద ఔల్ అండ్ ద లెమ్మింగ్' (1971), 'ద ఔల్ అండ్ ద రేవెన్' (1973) చూపించండి. ఒక్కొక్కటి పది నిమిషాలు కూడా ఉండదు. మొదటిదానిలో గుడ్లగూబకు చిక్కిన లెమ్మింగ్ దాన్ని పొగిడి, నాట్యం చేయించి తప్పించుకుంటుంది. రెండోదానిలో గుడ్లగూబ, కాకిజాతి పక్షి ఒకదానికొకటి రంగులు వేసుకుంటాయి. కాకి నల్లగా ఎందుకు మిగిలిందో చివర్లో తెలుస్తుంది. పంచతంత్రం విన్న పిల్లలకు ఏ వివరణా అక్కర్లేదు. అదే సంస్థ 1949 నాటి పది నిమిషాల 'హౌ టు బిల్డ్ యాన్ ఇగ్లూ' కూడా మూడో తరగతి నుంచి చూపించవచ్చు. ఇగ్లూ అందరి శాశ్వత నివాసం కాదని, గ్రీన్లాండ్‌లోనూ అలాస్కాలోనూ మట్టిగడ్డలతో, రాళ్లతో, తిమింగలం ఎముకలతో కట్టిన ఇళ్లే ఎక్కువగా ఉండేవని, ఇప్పుడు అందరూ మామూలు ఇళ్లలోనే ఉంటున్నారని చివర్లో చెప్పడం మరవకండి.

గ్రీన్లాండ్, సైబీరియా సినిమాలు?

గ్రీన్లాండ్ నుంచి 'సుమే: ద సౌండ్ ఆఫ్ ఎ రెవల్యూషన్' (2014) పెద్ద పిల్లలకు నచ్చుతుంది. 1970లలో సొంత భాషలో రాక్ పాటలు పాడి, డెన్మార్క్ పాలనను ప్రశ్నించిన బృందం కథ అది. గ్రీన్లాండ్‌కు 1979లో స్వయంపాలన వచ్చింది. సైబీరియాకు సంబంధించి, యాకూతియాలో ఒంటరిగా మిగిలిన వృద్ధ దంపతుల గురించి బల్గేరియా దర్శకుడు మిల్కో లాజరోవ్ తీసిన 'ఆగా' (2018) అందమైన సినిమా. అయితే అది బయటివాడి కంటికి కనిపించిన అందం. వృద్ధుడికి నానూక్ అని పేరు పెట్టడమే ఆ సంగతి చెబుతుంది.

బడిలో చూపించడానికి అనుమతి కావాలా?

భారత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, విద్యా సంస్థ కార్యక్రమాల్లో భాగంగా, ప్రేక్షకులు అక్కడి సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారికి పరిమితమైనప్పుడు సినిమా ప్రదర్శించడాన్ని ఉల్లంఘనగా చూడదు. ఊరందరినీ పిలిచినా, టికెట్టు పెట్టినా ఆ రక్షణ మీద ఆధారపడకూడదు. సొంత చందా ఖాతాతో ఓటీటీ నుంచి చూపించడం వేరే సంగతి. ఆ సంస్థ షరతులు మీరు ఒప్పుకున్నవే కాబట్టి వాటిని చదవాలి. మన దేశంలో సినిమాలకు హక్కు కాలం విడుదలైన తరవాత 60 ఏళ్లు. ఆ లెక్కన 'నానూక్' ఎవరైనా చూపించుకోవచ్చు. ఈమధ్య కూర్చిన నేపథ్య సంగీతం ఉన్న ప్రతికి మాత్రం ఆ సంగీతం మీద వేరే హక్కులుంటాయి. కెనడా ఫిల్మ్ బోర్డు తన వెబ్‌సైటులో చాలా చిత్రాలను ఉచితంగానే ఉంచింది.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పిల్లలు అందుకోలేకపోతున్నారు. పైగా తెర మీద సరిగా కనిపించడం లేదు.

మంచు సినిమాలకు ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఇది. తెల్లని మంచు మీద తెల్లని అక్షరాలు, అందులోనూ కిటికీలు తెరిచి ఉన్న గదిలో ప్రొజెక్టర్ వేస్తే ఏమీ కనిపించదు. ముదురు రంగు దుప్పట్లు కిటికీలకు కట్టడం మొదటి పని. వీలైతే ప్రొజెక్టర్ బదులు పెద్ద టీవీ వాడండి. సబ్‌టైటిల్ ఫైలు వేరుగా ఉంటే వీఎల్‌సీ ప్లేయర్ సెట్టింగుల్లో అక్షరాల రంగును పసుపుగా మార్చి, నల్లని నేపథ్యం పెట్టవచ్చు. తెలుగులో మీరే రాసుకోవాలనుకుంటే ఎస్‌ఆర్‌టీ ఫైలును (సబ్‌టైటిళ్ల మాటలు, సమయాలు ఉండే ఫైలు) నోట్‌ప్యాడ్‌లో తెరిచి, సమయాల అంకెలు కదల్చకుండా, మాటలు మాత్రం మార్చి, యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచండి; ప్లేయర్‌లో నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు ఎంచుకోకపోతే డబ్బాలు కనిపిస్తాయి. ఇరవై నిమిషాల భాగానికి ఈ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. పై తరగతి విద్యార్థులకు జట్లుగా అప్పగిస్తే, నోవా పియుగట్టుక్ సంభాషణలో దుబాసీ ఏం వదిలేశాడో వాళ్లే పట్టుకుంటారు.